నామినీ పెట్టాను కదా, ఇంకా వీలునామా ఎందుకు?



ఈ ఎపిసోడ్ చేద్దామనుకుని ఎనిమిది నెలలైంది. స్క్రిప్ట్ రెండుసార్లు రాసి డిలీట్ చేశా. టాపిక్ చెప్పగానే మా అమ్మ అన్న మాట ఇది: "తథాస్తు దేవతలు తిరుగుతుంటార్రా, నోటితో అలాంటివి అనకు." టాపిక్ వీలునామా. అవును, 28 ఏళ్లవాడు కెమెరా ముందు కూర్చుని వీలునామా గురించి మాట్లాడుతున్నాడు. స్కిప్ చేయకండి, ఎందుకో చెప్తా.

వీలునామా అనగానే మనకి గుర్తొచ్చేది సినిమా సీన్. పెద్ద హాలు, గోడ మీద దండేసిన ఫొటో, నల్లకోటు లాయరు గారు సీల్ చింపి చదువుతుంటే సోఫాలో ఒకళ్ల మొహం మాడిపోవడం. అదంతా కోట్లున్నవాళ్ల గొడవ, ఈఎంఐలు కట్టుకునే మనకెందుకులే అనుకునేవాణ్ని నేను కూడా. అసలు మన దేశంలో అలా అందర్నీ పిలిచి చదివి వినిపించాలనే రూలేమీ లేదు, అది వేరే విషయం.

నా అభిప్రాయం మార్చింది నా ఫ్రెండ్. వాడి పేరు, కంపెనీ పేరు చెప్పను. వాళ్లావిడ అనుమతి తీసుకునే ఈ వీడియో చేస్తున్నా. బీటెక్ అయ్యాక అమీర్‌పేటలో కోర్సు చేస్తున్నప్పుడు ఒకే హాస్టల్ రూమ్. ఒకే ప్లేట్ బిర్యానీ ఇద్దరం తిన్న రోజులు. తర్వాత వాడికి మంచి జాబ్ వచ్చింది, పెళ్లైంది, పాప పుట్టింది. సంక్రాంతికి ఊరెళ్లి తిరిగొస్తుంటే విజయవాడ హైవే మీద యాక్సిడెంట్. అప్పటికి పాపకి పదకొండు నెలలు.

వాడు నిర్లక్ష్యంగా ఉండే మనిషి కాదు. మా బ్యాచ్‌లో ఎక్సెల్ షీట్‌లో ఖర్చులు రాసుకునేది వాడొక్కడే. పీఎఫ్, బ్యాంక్ అకౌంట్, మ్యూచువల్ ఫండ్స్, అన్నిటికీ నామినీ పెట్టాడు. మియాపూర్‌లో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ కొన్నాడు, ఇరవై ఏళ్ల లోన్. డౌన్ పేమెంట్ కోసం వాళ్ల నాన్న ఊళ్లో ఎకరం పొలం అమ్మి డబ్బిచ్చాడు. రిజిస్ట్రేషన్ మాత్రం వాడొక్కడి పేరు మీదే. అప్పుడెవరికీ అందులో తప్పేం కనిపించలేదు. మనింట్లో మనకి లెక్కలేంటి?

పెద్దకర్మ అయ్యాక వాళ్ల నాన్న, వాడి భార్య, నేను ముగ్గురం వాడి లాప్‌టాప్ ముందు కూర్చున్నాం. నేను సాఫ్ట్‌వేర్ కదా, నాకు తెలుస్తుందని పిలిచారు. ఫోన్‌కి వేలిముద్ర లాక్. పిన్ ఎవరికీ తెలీదు. ప్రతి యాప్ ఓటీపీ అడుగుతుంది, ఓటీపీ ఆ లాక్ అయిన ఫోన్‌కే వస్తుంది. సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేస్తే మెసేజ్‌లైతే వచ్చాయి, వాటిలో మొదటిది ఈఎంఐ రిమైండర్.

ఆ తర్వాత నేను నేర్చుకున్నదంతా ఈ ఎపిసోడ్. ముందే చెప్తున్నా, నేను లాయర్ని కాదు. మీ ఇంటి విషయం ఒకసారి లాయర్‌కి చూపించుకోండి.

మొదటి షాక్. వీలునామా లేకుండా ఒక హిందూ మగవాడు పోతే, వాడి ఆస్తి ఎవరికి వెళ్లాలో 1956 నాటి హిందూ వారసత్వ చట్టం చెప్తుంది. మనం ఏమీ సెలెక్ట్ చేసుకోకపోతే పనిచేసే డీఫాల్ట్ సెట్టింగ్ అన్నమాట. మొదటి తరగతి వారసులు భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి. పిల్లలు ముందే చనిపోయి ఉంటే వాళ్ల పిల్లలు. లిస్ట్ మళ్లీ వినండి. నాన్న లేడు! మొదటి తరగతిలో ఒక్కరున్నా సరే, రెండో తరగతిలో ఉన్న తండ్రికి పైసా రాదు.

అంటే వాడి ఫ్లాట్‌లో మూడు వాటాలు. భార్యకి ఒకటి, పాపకి ఒకటి, వాళ్లమ్మకి ఒకటి. ఎకరం అమ్మి డబ్బు తెచ్చిన నాన్నకి సున్నా. ఆయనకి ఈ సంగతి నేనే చెప్పాల్సి వచ్చింది. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాకెందుకు బాబూ, పాప బాగుంటే చాలు" అన్నాడు. నిజంగానే అన్నాడు. కానీ ఆ ఎకరం మీద వచ్చే పంటతోనే వాళ్లిద్దరూ బతికేవాళ్లు.

రెండో షాక్ ఇంకా పెద్దది. వాడి జీతం ఆగిపోయింది, ఈఎంఐ ఆగలేదు. ఫ్లాట్ అమ్మేసి లోన్ తీర్చేద్దాం అనుకుంది ఆ అమ్మాయి. కొనేవాళ్లు దొరికారు కూడా. వాళ్ల లాయర్ పేపర్లు చూసి ఒక్కటే అన్నాడు: ఇందులో మూడో వంతు మైనర్‌ది, కోర్టు పర్మిషన్ లేకుండా అమ్మడానికి కుదరదు. మైనర్ పిల్లల స్థిరాస్తిని సొంత తల్లైనా కోర్టు అనుమతి లేకుండా అమ్మకూడదు. ఆ రూల్ పిల్లల్ని కాపాడటానికే పెట్టారు, కాదనను. కానీ ఇక్కడ పాలు తాగే పాప వాటా కోసం వాళ్లమ్మ కోర్టులో పిటిషన్ వేసింది. కొనేవాళ్లు ఎంతకాలం ఆగుతారు? ఆగలేదు.

ఈ గ్యాప్‌లోనే సలహాలిచ్చేవాళ్లు దిగారు. మనకి ప్రతి ఫ్యామిలీలో ఒక పెద్దమనిషి ఉంటాడు కదా, అన్నీ తెలిసినట్టు మాట్లాడేవాడు. ఒకాయన వాళ్లమ్మ దగ్గరికెళ్లి "కోడలు చిన్నపిల్ల, రేపు ఇంకో పెళ్లి చేసుకుంటుంది, నీ వాటా నువ్వు పట్టుకో" అన్నాడు. ఇటువైపు ఇంకొకాయన ఆ అమ్మాయికి "అత్తమామలు మొత్తం లాగేసుకుంటారు, జాగ్రత్త" అన్నాడు. అప్పటిదాకా ఒకే కంచంలో పాపకి అన్నం తినిపించిన ఇద్దరాడవాళ్లు, నెల తిరిగేసరికి లాయర్ల ద్వారా మాట్లాడుకున్నారు. ఇద్దరిలో ఒక్కరు కూడా చెడ్డవాళ్లు కాదు. ఫ్లాట్ నా భార్యకి, అమ్మిన ఎకరం విలువ అమ్మానాన్నలకి అని వాడు ఒక తెల్లకాగితం మీద సరిగ్గా రాసి ఉంటే ఈ గొడవలో ముప్పాతిక భాగం ఉండేదే కాదు.

"మరి నామినీ ఉన్నాడు కదా బ్రో?" అంటారు. ఇక్కడే మనమందరం పప్పులో కాలేస్తున్నాం. వాడు ప్రతిచోటా వాళ్లమ్మ పేరు పెట్టాడు, ఎందుకంటే ఆ అకౌంట్లన్నీ ఫస్ట్ జాబ్‌లో, పెళ్లికి ముందు ఓపెన్ చేసినవి. పెళ్లయ్యాక మార్చడం మర్చిపోయాడు. చేతులెత్తండి, మీలో ఎంతమంది మార్చారు?

నామినీ అంటే ఓనర్ కాదు. బ్యాంక్ వాళ్లు, మ్యూచువల్ ఫండ్ వాళ్లు డబ్బు ఎవరి చేతికివ్వాలో తెలియడానికి పెట్టే పేరు. తీసుకున్న నామినీ అసలు వారసులకి దాన్ని అప్పజెప్పాలి. షేర్ల విషయంలో కూడా ఇంతేనని 2023 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అంటే మ్యూచువల్ ఫండ్ డబ్బు వాళ్లమ్మ అకౌంట్‌లోకి వచ్చినా, అందులో కోడలి వాటా, మనవరాలి వాటా ఉన్నాయి. ఈ సంగతి పాపం ఆవిడకి తెలీదు. "నా కొడుకు నా పేరే రాశాడు" అంటుంది. ఆవిడ బాధ ఆవిడది. మనం ఆ ఫామ్ నింపేటప్పుడు నామినీ అంటే ఏంటో మనకీ తెలీదు కదా.

ఇన్సూరెన్స్ మాత్రం వేరు. 2015 సవరణ తర్వాత, తల్లిదండ్రుల్ని గానీ భార్యనో భర్తనో పిల్లల్నో గానీ నామినీగా పెడితే, ఆ డబ్బు మామూలుగా వాళ్లదే అవుతుంది. కాబట్టి టర్మ్ పాలసీలో పాత పేరు ఉందంటే అది నిజంగా ప్రమాదం. పీఎఫ్‌కి మళ్లీ దాని రూల్స్ దానివి. పెళ్లైతే కొత్తగా నామినేషన్ ఫైల్ చెయ్యాలి, యూఏఎన్ పోర్టల్‌లో ఈ-నామినేషన్ ఉంటుంది, పది నిమిషాల పని. ఇంకో విషయం చాలామందికి తెలీదు. ఉద్యోగంలో ఉండగా పోతే పీఎఫ్‌తో పాటు ఈడీఎల్ఐ అనే ఇన్సూరెన్స్ 7 లక్షల దాకా వస్తుంది. మా వాడి ఇంట్లోవాళ్లకి ఎవరూ చెప్పలేదు, నేను ఎక్కడో చదివి చెప్తే అప్లై చేశారు. బ్యాంక్ డిపాజిట్లకైతే 2025 నవంబర్ 1 నుంచి నలుగురు నామినీల దాకా పెట్టుకోవచ్చు. మంచిదే, కానీ నలుగుర్ని పెట్టినా నామినీ నామినీయే.

ఇప్పుడు అమ్మాయిలు కొంచెం దగ్గరగా వినండి. మీకున్న డీఫాల్ట్ సెట్టింగ్ ఇంకా ఘోరం. పెళ్లైన హిందూ స్త్రీ వీలునామా లేకుండా పోతే, ఆమె సొంత సంపాదన మొదట పిల్లలకి, భర్తకి. వాళ్లు లేకపోతే? అమ్మానాన్నలకి అనుకుంటున్నారా? కాదు. భర్త తరఫు వారసులకి. వాళ్లెవరూ లేకపోతేనే కన్నవాళ్ల వంతు. పుట్టింటి నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తికి మాత్రం వేరే రూల్, పిల్లలు లేకపోతే అది తండ్రి వారసులకి తిరిగెళ్తుంది. మీ జీతంతో కొన్నదానికి ఆ రక్షణ లేదు. 2009లో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన ఒక కేసు ఉంది. పెళ్లైన మూడు నెలలకే భర్త పోయాడు. పుట్టింటివాళ్లు చదివించారు, ఉద్యోగం చేసింది, సంపాదించుకుంది. వీలునామా రాయకుండా చనిపోయింది. ఆస్తి ఎవరికి? భర్త తరఫు వాళ్లకి. కోర్టు కూడా చట్టం అలా ఉంది, సానుభూతితో తీర్పివ్వలేం అంది. 2025లో సుప్రీంకోర్టే హిందూ స్త్రీలు వీలునామా రాసుకోవాలని విజ్ఞప్తి చేసింది.

మా చెల్లి బెంగళూరులో జాబ్, పోయినేడాది పెళ్లైంది, షాద్‌నగర్ వైపు తన పేరు మీద ఒక ప్లాట్ ఉంది. ఈ కేసు గురించి చెప్తే అవతల్నుంచి అయిదు సెకన్లు సైలెన్స్. తర్వాత, "అన్నయ్యా, ఆ డ్రాఫ్ట్ నాకూ పంపు."

సరే, ఎలా రాయాలి? స్టాంప్ పేపర్ అక్కర్లేదు. తెల్లకాగితం చాలు. చేత్తో రాసినా ఓకే, టైప్ చేసి ప్రింట్ తీసినా ఓకే, తెలుగులో రాసినా ఓకే. 18 దాటి, మనసు స్థిమితంగా ఉంటే ఎవరైనా రాయొచ్చు. ఏ ఆస్తి ఎవరికో స్పష్టంగా ఉండాలి. సర్వే నంబర్, ఫ్లాట్ నంబర్, అకౌంట్ ఏ బ్యాంక్‌లో ఉందో రాయండి. మీరు రాసిన వ్యక్తి మీకన్నా ముందే పోతే ఎవరికి వెళ్లాలో కూడా ఒక లైన్. లిస్ట్‌లో లేనివి, తర్వాత కొనబోయేవి ఎవరికో ఇంకో లైన్. ఇవన్నీ దగ్గరుండి చేయించడానికి ఒక నమ్మకమైన మనిషి పేరు, ఎగ్జిక్యూటర్ అంటారు.

అసలు ప్రాణమంతా సాక్షుల్లో ఉంది. మీరు సంతకం చేయాలి, కనీసం ఇద్దరు సాక్షులు అది చూసి మీ ఎదురుగా వాళ్లూ సంతకం చేయాలి. ఇది తప్పితే ఎంత బాగా రాసినా చెల్లదు. రేపు ఎవరైనా కోర్టుకెళ్తే, సాక్షుల్లో కనీసం ఒకరు వచ్చి "అవును, నా కళ్లముందే సంతకం పెట్టాడు" అని చెప్పాలి. అందుకే మన వాళ్లు గౌరవం కోసం ఊళ్లో డెబ్భై ఏళ్ల పెద్దాయనతో సంతకం చేయిస్తారు చూడండి, అది రాంగ్ ప్లాన్. మీకన్నా చిన్నవాళ్లని పెట్టుకోండి. ఆస్తి వచ్చేవాళ్లని సాక్షులుగా పెట్టకండి, అనుమానాలకి తలుపు తెరిచినట్టే.

వీడియో తీసి వాట్సాప్ గ్రూప్‌లో పెడితే? పీడీఎఫ్ మీద డిజిటల్ సంతకం చేస్తే? చెల్లవు. 2000 నాటి ఐటీ చట్టమే వీలునామాని ఎలక్ట్రానిక్ డాక్యుమెంట్ల లిస్ట్ నుంచి బయట పెట్టింది. అన్నీ ఫోన్‌లో చేసే మనం దీనికి మాత్రం పెన్ను పట్టుకోవాల్సిందే. సంతకాలు చేసేటప్పుడు వీడియో తీసి పెట్టుకుంటే సాక్ష్యానికి పనికొస్తుంది, అంతవరకే.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. నేను చేయించా, ఎందుకంటే తర్వాత "ఇది దొంగ సంతకం" అనేవాళ్లకి ఛాన్స్ తగ్గుతుంది. కానీ గుర్తుంచుకోండి, రిజిస్టర్ చేసిన పాతదానికన్నా సరిగ్గా రాసిన కొత్తదే చెల్లుతుంది, అది రిజిస్టర్ కాకపోయినా. ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. నాకింకా పెళ్లి కాలేదు, పెళ్లయ్యాక మళ్లీ రాస్తా. హిందువులకి పెళ్లితో పాత వీలునామా దానంతటదే రద్దు కాదు, అందుకే గుర్తుపెట్టుకుని మార్చాలి. క్రైస్తవులకైతే పెళ్లితో పాతది రద్దైపోతుంది. ముస్లింలకి వాళ్ల పర్సనల్ లా ప్రకారం మూడో వంతు దాకానే వీలునామా, అంతకు మించితే వారసులు ఒప్పుకోవాలి. ఈ ఎపిసోడ్‌లో వాటాల లెక్కలన్నీ హిందూ చట్టంవి, మిగతావాళ్లు మీ లెక్క విడిగా అడిగి తెలుసుకోండి. ఇంకోటి, మీ సొంత ఆస్తినే రాయగలరు. తాతల నాటి ఉమ్మడి ఆస్తిలో అయితే మీ వాటా వరకే.

హైటెక్ సిటీ బ్యాచ్‌కి ఒక స్పెషల్ వార్నింగ్. మన దేశంలో ఎస్టేట్ డ్యూటీ 1985లోనే ఎత్తేశారు. కానీ మీ కంపెనీ ఇచ్చిన ఆర్‌ఎస్‌యూలు, యాప్‌లో కొన్న యాపిల్, టెస్లా షేర్లు అమెరికావి. అక్కడి పౌరులు కాక, అక్కడ స్థిరపడకుండా మనలా ఇండియాలో ఉండేవాళ్లు పోతే, అలాంటి అమెరికా ఆస్తి 60,000 డాలర్లు దాటిన దగ్గర్నుంచి అక్కడ ఎస్టేట్ ట్యాక్స్ ఉంది. 40 శాతం దాకా వెళ్తుంది. 60,000 డాలర్లంటే మన లెక్కలో యాభై లక్షల పైన. నాలుగైదేళ్ల సీనియర్లు చాలామంది దాటేసి ఉంటారు. ఒకసారి చూసుకోండి.

ఫోన్ సంగతి. పాస్‌వర్డ్‌లు వీలునామాలో రాయకండి, అది పదిమంది చేతుల్లోకి వెళ్లే కాగితం. ఏ బ్యాంక్, ఏ యాప్, ఏ పాలసీ అని విడిగా ఒక పేజీ రాసి నమ్మకమైనవాళ్లకి చెప్పండి. గూగుల్‌లో ఇన్‌యాక్టివ్ అకౌంట్ మేనేజర్ అని ఉంది. మీరు మూడు నెలలో, ఆరు నెలలో, ఇంకా ఎక్కువో లాగిన్ కాకపోతే మీ ఫొటోలు, మెయిల్స్ ఎవరికి చేరాలో ముందే సెట్ చేయొచ్చు. ఐఫోన్‌లో లెగసీ కాంటాక్ట్. మా వాడి ఫోన్‌లో పాప మొదటిసారి బోర్లా పడిన వీడియో ఉంది. ఫ్లాట్ గొడవ ఎప్పటికో తేలుతుంది. ఆ వీడియో ఇప్పటికీ ఆ లాక్ వెనకే ఉంది. వాళ్లావిడ నన్ను ఇప్పటికీ అడుగుతుంది, ఏమైనా చేయగలవా అని. సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని కదా. నేనేం చేయలేకపోయా.

ఇక నా కాగితం. పెళ్లి కానివాణ్ని కాబట్టి డీఫాల్ట్‌లో నాదంతా అమ్మకే, నాన్నకి ఏం లేదు. నా బీటెక్ ఫీజులకి అప్పు చేసింది ఆయన. అందుకని చెరిసగం రాశా. ఈ ఛానెల్ మా చెల్లికి రాశా, దాని మీద వచ్చే ఆదాయం ఎంతో మీరు అడక్కండి, అది నవ్వుకుంది. సాక్షులు నా ఇద్దరు పాత కొలీగ్స్. సంతకాలయ్యాక ముగ్గురం కిందికెళ్లి ఇరానీ చాయ్ తాగాం.

ఊరెళ్లి ఈ విషయం చెప్పా. మాది సత్తుపల్లి దగ్గర. అమ్మ తథాస్తు దేవతల డైలాగ్ అప్పుడే వేసింది. నాన్న "చేసిన కాడికి చాల్లే, అన్నం తిను" అని లేచి వెళ్లిపోయాడు. తండ్రి బతికుండగా కొడుకు వీలునామా రాస్తే ఏ తండ్రికి బాగుంటుంది? నాకూ బాధేసింది, రాత్రంతా నిద్రపట్టలేదు.

పది రోజుల తర్వాత నాన్న ఫోన్ చేశాడు. పంటల గురించి, వానల గురించి ఏదేదో మాట్లాడి, చివర్లో, "ఒరేయ్, ఆ కాగితం ఖాళీది ఒకటి తెలుగులో ప్రింట్ తీసి పట్రా" అన్నాడు. ఎందుకు నాన్నా అన్నా. "మీ అత్తకి మామిడితోట పక్కన అరెకరం ఇస్తానని మీ తాత పోయేముందు నోటిమాటగా అన్నాడు. పసుపు కుంకుమ కింద ఏదో ఇచ్చాం కదా అని ఇన్నాళ్లూ నేనూ ఊరుకున్నా. అది రాయాలి."

ఈ ఆదివారం వెళ్తున్నా. అత్తకి ఇంకా చెప్పలేదు, ఈ వీడియో చూసిందంటే తెలిసిపోతుంది. అత్తా, చూస్తుంటే నాన్నకి ఫోన్ చెయ్యి.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో టర్మ్ ఇన్సూరెన్స్ ఫామ్‌లో మనం చెప్పకుండా దాచే విషయాల గురించి మాట్లాడుకుందాం. ఉంటా మరి, బై.